గాజు కథ చెప్పే గుర్రపుశాల

మనం చేతులకు వేసుకునేవి గాజులు. కిటికీకి బిగించేది గాజు పలక. లాంతరుకు పెట్టేది గాజు చిమ్నీ. ఆ వస్తువుకూ, ఈ నగకూ తెలుగులో ఒకటే మాట. గాజు మనకు అంత దగ్గర.

మరి గాజును దేనితో చేస్తారు? ఎవరు చేస్తారు? ఈ సంగతులు చెప్పే ఇల్లు ఒకటి టర్కీ దేశంలో ఉంది. అది గాజు మ్యూజియం. పాత వస్తువులను భద్రంగా దాచి, అందరికీ చూపించే చోటును మ్యూజియం అంటారు. పదండి, చూసొద్దాం.

ఎక్కడ ఉంది?

టర్కీలో అన్నిటికన్నా పెద్ద నగరం ఇస్తాంబుల్. ఆ నగరం మధ్య నుంచి సన్నని సముద్రపు పాయ పోతుంది. దాని పేరు బాస్ఫరస్. పాయకు ఒక ఒడ్డు యూరప్, రెండో ఒడ్డు ఆసియా. ఆసియా ఒడ్డున బేకోజ్ అనే ప్రాంతం ఉంది. గాజు పనికి అది పేరుపడ్డ చోటు.

బేకోజ్‌లో అబ్రహాం పాషా అనే గొప్పింటాయనకు పెద్ద తోట ఉండేది. తోటలో ఆయన గుర్రపుశాల ఉండేది. ఆ గుర్రపుశాలను బాగుచేసి, 2021లో మ్యూజియంగా తెరిచారు. అందులో సుమారు 1,500 వస్తువులు ఉన్నాయి. గుర్రాలు కట్టేసిన చోట ఇప్పుడు గాజు మెరుస్తోంది!

ఇసుక గాజు ఎలా అవుతుంది?

గాజుకు ముఖ్యమైన సరుకు ఇసుక. మంచి తెల్ల ఇసుకలో సోడా, సున్నపురాయి పొడి కలుపుతారు. సోడా కలిపితే ఇసుక తొందరగా కరుగుతుంది. సున్నం కలిపితే గాజు గట్టిగా ఉంటుంది, నీళ్లకు పాడవదు.

ఈ మూడింటినీ కొలిమిలో పెట్టి కరిగిస్తారు. నీళ్లు మరగడానికి 100 డిగ్రీల వేడి చాలు. గాజు కరగడానికి 1,400 డిగ్రీలకు పైగా కావాలి. అంత వేడి ముందు నిలబడి పనిచేయాలి. ఎంత కష్టమో ఆలోచించండి.

కరిగిన గాజు పాకంలా సాగుతుంది. పొడుగాటి ఇనుప గొట్టం కొసకు ఆ ముద్దను తీసుకుంటారు. రెండో కొసన నోరు పెట్టి ఊదుతారు. ముద్ద బుడగలా ఉబ్బుతుంది. దాన్ని తిప్పుతూ, దొర్లిస్తూ, మళ్లీ మళ్లీ వేడి చేస్తూ కూజాగానో గిన్నెగానో మలుస్తారు. తిప్పడం ఆగితే ముద్ద ఒక పక్కకు జారిపోతుంది.

వస్తువు తయారయ్యాక వెంటనే చల్లార్చకూడదు. పైపొర ముందు చల్లారి బిగుస్తుంది, లోపల వేడి ఉండిపోతుంది. అప్పుడు ఫట్టున పగులుతుంది. అందుకే వేరే పొయ్యిలో పెట్టి, నెమ్మదిగా చల్లారుస్తారు. చల్లటి మందపు గ్లాసులో మరిగే నీళ్లు పోస్తే పగిలేది కూడా ఇందుకే. వేడి తగిలిన చోట గాజు పెరుగుతుంది, తగలని చోట పెరగదు.

ఆ కాలపు వస్తువులు

టర్కీని ఒకప్పుడు ఆటోమన్ సుల్తానులు ఏలారు. వాళ్ల కాలంలో షర్బత్ కూజాలు, పూలసీసాలు, దీపాలు, పన్నీరు బుడ్లు గాజుతో చేశారు. పన్నీరు బుడ్డి మనకు తెలిసిందే. పెళ్లిలో వచ్చినవాళ్ల మీద పన్నీరు చల్లుతాం కదా. అక్కడ కూడా అంతే. ఇంటికి వచ్చిన చుట్టాల చేతులకు పన్నీరు చల్లడం వాళ్ల మర్యాద. వాళ్లు దాన్ని గులాబ్దాన్ అనేవారు.

మూడవ సెలీం అనే సుల్తాను 1789 నుంచి 1807 వరకు పాలించాడు. ఆ కాలంలో మెహ్మెద్ దెదె అనే ఒక ఫకీరు ఉండేవాడు. గాజు పని నేర్చుకోవడానికి ఆయన ఇటలీలోని వెనిస్ నగరానికి వెళ్లాడని చెబుతారు. తిరిగి వచ్చి బేకోజ్‌లో కొలిమి పెట్టాడు. తను నేర్చింది తన ఊళ్లోవాళ్లకు నేర్పాడు.

బేకోజ్ గాజులో బాగా పేరొచ్చింది చెష్మి బుల్బుల్. రంగు లేని గాజులో నీలం, తెలుపు గీతలు మెలికలు తిరిగి ఉంటాయి. అవి పైన వేసిన రంగు కాదు. సన్నని రంగు గాజు పుల్లలను లోపల కలిపి, ఊదుతూ మెలితిప్పుతారు. చెష్మి బుల్బుల్ అంటే బుల్బుల్ పిట్ట కన్ను. కళ్లద్దాలను మన దగ్గర చష్మా అంటారు కదా! ఈ రెండు మాటలూ పారశీ భాషలోని ఒక్క మాట నుంచే వచ్చాయి.

బిల్లోరు గాజు అంటే ఏమిటి?

గాజులో సీసం కలిపితే బరువెక్కుతుంది. ఎక్కువ మెరుస్తుంది. గోటితో కొడితే గంటలా మోగుతుంది. దీన్ని క్రిస్టల్ అంటారు, బిల్లోరు గాజు అని కూడా అంటారు. చూడడానికి అందం. కాని సీసం ఒంటికి మంచిది కాదు. అలాంటి గిన్నెలో పులుపు నిల్వ ఉంచితే సీసం అందులోకి దిగుతుంది. పచ్చడికి మామూలు గాజు జాడీ మేలు.

ఇస్తాంబుల్‌లో దోల్మాబాహ్చె అనే రాజభవనం 1856లో పూర్తయింది. అందులో క్రిస్టల్ మెట్ల వరస ఉంది. పెద్ద హాలులో వేలాడే దీపాల గుత్తి నాలుగున్నర టన్నుల బరువు. కాని ఆ క్రిస్టల్ యూరప్ నుంచి వచ్చింది. బయటి సరుకు చవకగా, ఎక్కువగా దిగింది. ఊళ్లోని చిన్న కొలుములు దెబ్బతిన్నాయి. రాజు ఇంట వెలుగు నిండింది, పనివాడి పొయ్యి ఆరింది.

పని పోతే, విద్య పోతుందా?

1935లో బేకోజ్ ప్రాంతంలోనే పాషాబాహ్చె అనే చోట పెద్ద గాజు ఫ్యాక్టరీ మొదలైంది. ఎన్నో కుటుంబాలు దాని మీద బతికాయి. 2002లో అది మూతపడింది. కొలిమి ఆరితే కూలి ఒక్కటే పోదు. చేతిలో ఉన్న విద్య కూడా పోతుంది. గాజు ఊదడం కాగితం మీద చూసి వచ్చే పని కాదు. ఒకరి పక్కన నిలబడి ఇంకొకరు నేర్చుకోవాలి.

అదే 2002లో బేకోజ్‌లోనే గాజు పని నేర్పే కేంద్రం ఒకటి తెరిచారు. దాని పేరుకు అర్థం గాజు కొలిమి. విద్యను నిలబెట్టేది నేర్పేవాళ్లూ, నేర్చుకునేవాళ్లే.

అక్షరాల సంగతి

టర్కీలో చాలా పాత వస్తువుల మీద అరబ్బీ అక్షరాలు ఉంటాయి. 1928 వరకు టర్కీ భాషను ఆ అక్షరాలతోనే రాసేవారు. ఆ ఏడాది లిపి మార్చారు. ఇంగ్లీషు అక్షరాల వంటివి తెచ్చారు. అప్పటిదాకా చదువొచ్చినవాళ్లు కూడా మళ్లీ అక్షరాలు దిద్దాల్సి వచ్చింది! 1929 జనవరి 1న పెద్దల కోసం బడులు తెరిచారు. 16 నుంచి 45 ఏళ్ల ఆడవాళ్లూ, మగవాళ్లూ వాటిలో చదువుకున్నారు.

మ్యూజియంలో వస్తువు పక్కన చిన్న చీటీ ఉంటుంది. అది ఏమిటో, ఏ కాలానిదో దాని మీద రాసి ఉంటుంది. చదవగలిగితే వస్తువు కథ చెబుతుంది. చదవలేకపోతే ఉత్త మెరుపే కనబడుతుంది. కాని చాలా పాత గాజు మీద ఒక సంగతి మాత్రం ఉండదు. అది ఊదినవాడి పేరు. సుల్తాను పేరు మిగిలింది. కొలిమి ముందు చెమటోడ్చినవాడి పేరు మిగల్లేదు.

మన ఊళ్లో కుండ చేసేవాళ్లూ, బట్ట నేసేవాళ్లూ, బుట్ట అల్లేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా? ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. మీరే రాయవచ్చు.

గుర్తుంచుకోండి

పగిలిన గాజు చెత్త కాదు. కరిగిస్తే మళ్లీ కొత్త గాజు అవుతుంది. పెంకులను మందపాటి కాగితంలో చుట్టి, విడిగా ఇవ్వండి. చెత్త ఎత్తే మనిషి చెయ్యి తెగకుండా ఉంటుంది.

చెప్పండి

1. గాజులో కలిపే మూడు సరుకులు ఏవి?
2. గాజు వస్తువును నెమ్మదిగా ఎందుకు చల్లార్చాలి?
3. బయటి సరుకు దిగినప్పుడు ఊళ్లో పనివాళ్లకు ఏమైంది? మీ ఊళ్లో ఇలా జరిగిందా?

రాయండి

మీ ఊళ్లో చేతిపని తెలిసిన ఒకరి పేరు రాయండి. ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. ఆ పేరు కూడా కింద రాయండి.