పసిబిడ్డ యున్న యింట పండుగ

పసిబిడ్డ పుట్టిన యింటికి తొలి పండుగ వచ్చినపుడు ఒక ప్రశ్న సహజముగా ఉదయించును: ఈ పండుగ ఎవరికొరకు? ఏడెనిమిది మాసముల శిశువునకు సంక్రాంతి యననేమో తెలియదు. పట్టుబట్ట దాని మేనికి గ్రుచ్చుకొనును. గుమిగూడిన బంధువులను చూచి బెదరి యేడ్చును. అయినను బిడ్డతో పండుగ చేసికొనవలెనను కోరిక తల్లిదండ్రులలో బలీయముగా నుండును. ఆ కోరికకు మూలమేమో గుర్తించినచో పండుగను జరుపవలసిన తీరు దానంతట తేటపడును.

శాస్త్రకారులు ఈ కోరికను ఉపేక్షింపలేదు. జాతకర్మ, నామకరణము, నిష్క్రమణము, అన్నప్రాశనము, చౌలము మున్నగు సంస్కారములను గృహ్యసూత్రములు విధించినవి. శిశువును నాల్గవ మాసమున ఇల్లు వెడలించి వెలుపలికి గొనిరావలెననియు, ఆరవ మాసమున అన్నము తినిపింపవలెననియు మనుస్మృతి రెండవ అధ్యాయము చెప్పుచున్నది. అచ్చటనే, కులమున శుభమని యెంచబడు పద్ధతినైనను అనుసరింపవచ్చునను సడలింపు కలదు. ఈ సడలింపు గమనింపదగినది. కులాచారము ఆకసమునుండి ఊడిపడినది కాదు. ఎన్నడో యొక తల్లియో, తాతయో ప్రేమతో మొదలిడినదే తరతరముల మన్ననచే ఆచారమై నిలిచినది. కావున నేటి తల్లిదండ్రులు ఆచారమునకు వారసులు మాత్రమే కారు, కర్తలు కూడ.

భోగిపండ్ల వేడుకను పరిశీలింపుడు. భోగినాటి సాయంకాలము బిడ్డను పీటపై కూర్చుండబెట్టుదురు. రేగిపండ్లు, చెఱకుముక్కలు, పూలరేకులు, చిల్లరనాణెములు కలిపి, ముత్తైదువలు గుప్పిళ్ళతో బిడ్డ తల చుట్టు త్రిప్పి పైనుండి జారవిడుతురు. పిదప హారతి యిత్తురు. నరనారాయణులు తపమొనర్చిన బదరీవనమును పెద్దలు ఈ సందర్భమున తలంచుకొందురు. రేగిచెట్టు చేలగట్లపై తనంత పెరుగునది. దాని పండు పేదవానికిని అందును. ఈ వేడుకకు విలువ నిచ్చునది ద్రవ్యము కాదు. పదిమంది చేతులు ఒకే బిడ్డ క్షేమమును కోరుట. బిడ్డ తమది మాత్రమే కాదని తల్లిదండ్రులును, ఆ బిడ్డపట్ల తమకును బాధ్యత కలదని ఇరుగుపొరుగువారును ఆ సాయంకాలము గుర్తింతురు.

ఇట్టి వేడుక ప్రదర్శనగా మారినచో దాని ప్రాణము పోవును. ఛాయాచిత్రము సరిగా రాలేదని ఏడ్చుచున్న బిడ్డను మరల పీటపై కూర్చుండబెట్టుటయు, రాత్రి నిదుర లేని బాలింతరాలిని వేకువనుండి వంటయింట నిలబెట్టుటయు పండుగ కానేరవు. శిశువు నిద్రకును ఆకలికిని పండుగ లోబడవలెను. రేగిపండు, నాణెము నోటబడినచో శిశువు గొంతున అడ్డుపడును. కావున పసివానికి పూలరేకులు చాలును. భోగిమంట పొగకు వానిని దూరముగా నుంచవలెను. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదని నేటి వైద్యశాస్త్రము హెచ్చరించుచున్నది. ఈ మార్పులకు పెద్దలు నొచ్చుకొన నవసరము లేదు. బిడ్డ క్షేమముకొరకు పుట్టిన ఆచారమును బిడ్డ క్షేమముకొరకే సవరించుట ఆచారభంగము కాదు.

మరి క్రొత్తగా నెలకొల్పదగిన దేమి? గృహస్థునకు నిత్యము విహితములైన పంచమహాయజ్ఞములు ఇందుకు దారిచూపును. సంక్రాంతి మూడునాళ్ళలోను అవి యన్నియు ఇమిడియున్నవి. సంధ్యవేళ బిడ్డను ఒడిలో నిడుకొని దీపము వెలిగించుట దేవయజ్ఞము. దీపము చెంతనే ఒక పుట పురాణమును పైకి చదువుట బ్రహ్మయజ్ఞము. సంక్రాంతినాడు పితృతర్పణ మైన పిదప ముత్తాతల పేర్లను బిడ్డకు వినిపించుట పితృయజ్ఞములో భాగమే. ఇంటి ముంగిట మోకరిల్లిన హరిదాసుని అక్షయపాత్రలో బిడ్డ చేయి తాకించిన గుప్పెడు బియ్యమును పోయుట మనుష్యయజ్ఞము. కనుమనాడు ఆవునకు పచ్చగడ్డి పెట్టుటయు, పిచ్చుకలకై చూరున వరికంకుల కుచ్చు కట్టుటయు భూతయజ్ఞము. హరిదాసు రాని నగరమునను, పరదేశమునను గుప్పెడు బియ్యమునకు బదులుగా ఆకలిగొన్న యొకనికి భోజనము పెట్టవచ్చును. అన్నియు ఒక్కయేడే చేయనక్కరలేదు. ఏదియో ఒక్కటి యెంచుకొని ఏటేట విడువక చేసినచో చాలును. ఐదేండ్ల ప్రాయమున ఆ బిడ్డయే బియ్యపు గిన్నె పట్టుకొని గుమ్మమునకు ముందుగా పరుగెత్తును.

కొన్ని యిండ్లలో బిడ్డ పుట్టిన యేటనే తాతయో, నాయనమ్మయో గతించుట కలదు. ఏడాదిపాటు పండుగలు మానుట పెక్కు కుటుంబముల ఆచారము. అట్టి యేడు ఇల్లు రెండు భావములనడుమ నలిగిపోవును: బిడ్డను చూచి నవ్వుటకును భయము, నవ్వకుండుటకును మనసొప్పదు. అట్టివారు వేడుకను మానవచ్చును, దానమును మాననక్కరలేదు. గతించినవారి పేర ఒకరికి అన్నము పెట్టునపుడు బిడ్డ చేయి అందు తాకనిండు. చూడని తాతతో మనుమనికి అదియే తొలి బంధము.

కామార్‌హాటీలో గంగాతీరమున నివసించిన అఘోరమణీదేవి బాలవితంతువు, బిడ్డలు లేనిది. 1906లో దేహము చాలించునంతవరకు ఆమె భగవంతుని పసిబిడ్డగా, గోపాలునిగా భావించి సేవించెను. అందుచే భక్తులు ఆమెను గోపాలుని తల్లి యనిరి. నారదభక్తిసూత్రములు వాత్సల్యమును భక్తిరూపములలో నొకటిగా పరిగణించినవి. ఆమె భగవంతునిలో బిడ్డను చూచెను. బిడ్డగల తల్లి తన బిడ్డలో భగవంతుని చూడ యత్నింపవచ్చును. అట్లు చూచు తల్లికి పాలిచ్చుటయు, జోలపాడుటయు పూజయే యగును.

కావున తొలి పండుగ బిడ్డకంటె ముందు తల్లిదండ్రులకు సంస్కారము. బిడ్డ దానిని జ్ఞప్తియందుంచుకొనడు. కాని ఆనాడు వారలవరచుకొన్న శాంతిలోను, ఈగిలోను వాడు పెరుగును.