మాట లేని నవ్వు: ఒక పరిశీలన

మూకీ చిత్రం అనగానే మనకు పాతకాలపు వింతగా తోస్తుంది. టాకీలు వచ్చాక దాని పని అయిపోయిందని నేనూ అనుకునేవాణ్ణి. మా తాత నవ్వడం చూశాక నా అభిప్రాయం మారింది.

తాతకు ఏడేళ్ళుగా చెవులు వినబడవు. ఇంట్లో అందరం టీవీ చూసి నవ్వుతుంటే, ఆయన మా ముఖాలు చూసి ఆలస్యంగా నవ్వుతాడు. మొన్న సెలవులకు గోదావరిఖని నుండి ఊరికి పోయినప్పుడు సెల్‌ఫోనులో ఒక చిన్న చిత్రం చూపించాను. 1895లో ఫ్రాన్సులో లూయీ లూమియేర్ తీసింది. నిమిషం కూడా ఉండదు. తోటమాలి పైపుతో నీళ్ళు పెడుతుంటాడు. వెనుక నుండి ఒక పిల్లవాడు వచ్చి పైపు తొక్కుతాడు. నీళ్ళు ఆగిపోతాయి. తోటమాలి పైపు మూతిలోకి తొంగి చూస్తాడు. పిల్లవాడు కాలు తీస్తాడు.

నీళ్ళు ముఖాన కొట్టకముందే తాత పకపకా నవ్వాడు. "నీళ్ళు ఆగితె ఎనుకకు తిరిగి పైపు చూడాలె గని, మూతిల చూస్తడా పిచ్చోడు!" అన్నాడు. ఆ రోజు మా ఇంట్లో అందరికంటె ముందు నవ్వినవాడు ఆయనే.

ఇందులోని కిటుకు ఏమిటి? పైపును తొక్కిన కాలు మనకు కనిపిస్తుంది, తోటమాలికి కనిపించదు. జరగబోయేది మనకు ముందే తెలుసు. ఆ తేడాలోనే నవ్వు పుడుతుంది. కారణం, ఫలితం రెండూ కంటికి కనిపిస్తే చాలు, సంభాషణతో పని లేదు. 1920లో వచ్చిన బస్టర్ కీటన్ రెండు రీళ్ళ చిత్రం 'వన్ వీక్'లోనూ ఇదే సూత్రం. ఇంటి విడిభాగాల పెట్టెల మీది అంకెలను ఒకడు మార్చేస్తాడు. ఆ సంగతి కొత్త దంపతులకు తెలియదు. ఇల్లు వంకరటింకరగా లేస్తుంది.

మూకీలలో మనుషులు గబగబా నడవడమే నవ్వుకు కారణమని కొందరంటారు. సెకనుకు 16 బొమ్మల చొప్పున తీసినదాన్ని 24 చొప్పున నడిపితే నడక ఒకటిన్నర రెట్లు వేగమవుతుంది, నిజమే. కాని వేగం ఒక్కటే నవ్వించదు.

ఈ విద్య మన గడ్డకూ వచ్చింది. ధీరేన్ గంగూలీ 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి 'మ్యారేజ్ టానిక్', 'లేడీ టీచర్' వంటి హాస్య మూకీలు తీశాడు. 1924లో 'రజియా బేగం' ప్రదర్శించినందుకు నిజాం ఆగ్రహానికి గురై రాజ్యం విడిచి పోవలసి వచ్చింది. ఆ హాస్య చిత్రాలను చూసే భాగ్యం మనకు లేదు.

మిగిలినవైనా చూద్దాం. మన సంఘం తరఫున ఒక సాయంత్రం మూకీలు వేయాలని నా మనవి. ఆ రోజు ముందు వరుస కుర్చీలు చెవులు వినబడని పెద్దలకు ఇద్దాం. మనం వెనుక కూర్చుని, వాళ్ళను చూసి నవ్వడం నేర్చుకుందాం.