దిండిగల్ కొండకోట, దక్షిణాది తెలుగు పాలేలు

మదురై వైపు వెళ్లే పరీక్షల అభ్యర్థులు ఒక పూట దిండిగల్‌లో ఆగండి. ఊరి మధ్య లేచిన ఒంటి బండపై ఈ కోట ఉంది. తమిళంలో 'తిండు' అంటే దిండు, 'కల్' అంటే రాయి. కింద నిలబడి చూస్తే, బండ నిజంగానే తలదిండులా కనిపిస్తుంది. రాతిలోనే తొలిచిన మెట్లెక్కితే పైన విగ్రహం లేని అమ్మవారి గుడి ఉంటుంది.

కోటకు పునాది వేసింది మదురై నాయకులు, 17వ శతాబ్ది ఆరంభంలో. 1755లో హైదర్ అలీ ఇక్కడి ఫౌజ్‌దారు అయ్యాడు. 1792 శ్రీరంగపట్నం సంధితో ఇది ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. హైదర్ అలీ, సంధి, ఈ రెండూ కలిపి గుర్తుంచుకోండి.

ఇక అసలు సంగతి, తెలుగు పాలేలు. మదురై పాలకుడు విశ్వనాథ నాయకుడు, ఆయన మంత్రి అరియనాథ ముదలియార్ రాజ్యాన్ని 72 పాలేలుగా, అంటే పాలెగాళ్ల ఏలుబడి ప్రాంతాలుగా విభజించారు. మదురై కోటలో ఒక్కో బురుజు కాపలా ఒక్కో పాలెగాడిది. కోయంబత్తూరు నుంచి తిరునెల్వేలి దాకా వీరిలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడే కంబళ నాయకులే. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్‌ది ఆ కులమే. ఆయనను కంపెనీ వారు 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు. దిండిగల్ దగ్గరి విరూపాక్షి పాలెగాడు గోపాల నాయకుడు రాణి వేలు నాచియార్‌కు ఆశ్రయమిచ్చినవాడు. ఆయనను కూడా కంపెనీ వారు 1801లో ఉరి తీశారు. కట్టబొమ్మన్‌కు దక్కిన పేరులో పదోవంతైనా ఈయనకు దక్కలేదు, అది నాకు బాధే.

తెలుగు సాహిత్యం పేపరు రాసేవారు ఈ మదురై నాయకుల కాలాన్ని 'దక్షిణాంధ్ర యుగం'గా చదవాలి. తంజావూరుతో పాటు మదురై కూడా అందులోదే.