పావుకోళ్లు, గెతాలు

అయోధ్యకాండలో పాదుకల ఘట్టం మనమంతా చదివిందే. 'పాదుకలు' అంటే 'చెప్పులు' అని పక్కన రాసేసి ముందుకు పోతాం. నాకు ఆ అర్థం చాలదనిపిస్తుంది. చెప్పు తోలుది, పాదుక కొయ్యది. తోలు మడికి పనికిరాదు గనకే సన్యాసులకు కొయ్యవి వాడుకయ్యాయి. దానికి తెలుగులో మంచి మాట ఉంది: పావుకోళ్లు. తమిళంలో మిదియడి, కన్నడంలో హావుగె. మన పాలు అక్కడ హాలు, మన పాము హావు అయినట్టే పాత కన్నడపు పావుగె హావుగె అయింది. హోసూరులో ఉండేవాళ్లకు ఈ పాఠం వీధిలోనే దొరుకుతుంది.

పావుకోడుకు పట్టీ ఉండదు. ముందువైపు ఒక గుబ్బ, అంతే. బొటనవేలు, పక్కవేలు కలిసి దాన్ని పట్టుకోవాలి. అడుగెత్తినప్పుడల్లా పట్టు బిగించాలి, లేకుంటే కాలు ముందుకు, చెక్క వెనక్కు! వాళ్ల తాత తొడిగేవాడని మా అవ్వ చెప్తుంది: "టకటకా సద్దయితే చాలమ్మా, మేము నోర్లు మూసుకుంటా ఉంటిమి."

జపాను వాళ్ల గెతా చూడడానికి దీని చుట్టంలా ఉంటుంది. దానికి గుబ్బ బదులు గుడ్డపట్టీ. చెక్కకు మూడు రంధ్రాలు, ముందు ఒకటి, వెనక రెండు. ముందు రంధ్రం సరిగ్గా నడుమ ఉంటుంది గనక పాతరకం గెతాకు కుడి ఎడమ లేదు. వేళ్లను పట్టీలోకి పూర్తిగా దూర్చరు. మడమ కొంచెం వెనక్కి బయటికి ఉండాలి. కింద అడ్డంగా రెండు చెక్కలు, వాటిని వాళ్లూ 'పళ్లు' అనే అంటారు. బురద, వాన బట్టలకు తగలకుండా ఆ ఎత్తు. మన 'టకటక'కు వాళ్ల మాట 'కరాన్ కొరోన్'. ధ్వన్యనుకరణ పదాలు చదివేటప్పుడు ఈ జంట గుర్తుంచుకోండి.

మళ్లీ రామాయణానికి. రాముడు తొడుక్కున్నవి విప్పి ఇచ్చాడని చాలామంది రాస్తారు. వాల్మీకిలో అలా లేదు. బంగారు అలంకారమున్న పాదుకలను భరతుడే ముందుపెట్టి, వాటిమీద పాదాలు పెట్టమంటాడు. రాముడు ఎక్కి, దిగి, ఇస్తాడు. అంటే అవి నడకకు తెచ్చినవి కావు, రాజ్యానికి తెచ్చినవి. 'చెప్పులు' అంటే ఈ తేడా జారిపోతుంది.

మన క్లాసులో అడిగితే 'పావుకోళ్లు' తెలిసినవాళ్లు ఇద్దరే, ఇద్దరూ కృష్ణగిరి పక్క పల్లెలవాళ్లు. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వేరే మాట చెప్తే ఈ కాగితం కిందే పెన్సిలుతో రాయండి, ఊరిపేరుతో సహా.