లాగిన్ దాటేసి లోడ్ టెస్ట్ చేస్తే?

ప్రశ్న: వేరుశనగ విత్తనాల నమోదుకు వెబ్‌సైట్ కట్టాం. లోడ్ టెస్ట్ సాధనం జేమీటర్‌లో ఒకరి లాగిన్ రికార్డు చేసి వెయ్యిమందికి వాడొచ్చా? (పాఠకుడు, కంబదూరు)

జవాబు: వాడితే వచ్చే అంకెలు నమ్మకండి. తొలకరి పడ్డాక రైతులూ, రైతు సేవా కేంద్రాల సిబ్బందీ ఒక్కసారే లాగిన్‌కు ఎగబడతారు. బీక్రిప్ట్ లాంటి పాస్‌వర్డ్ తనిఖీ కావాలనే నిదానంగా ఉండేలా చేసింది, ప్రాసెసర్‌ను పిండేస్తుంది; లాగిన్ దాటేస్తే ఆ భారం కొలతకు రాదు. పైగా రికార్డయిన టోకెన్‌కు కాలం చెల్లుతుంది. పేజీలో దాగిన కొత్త టోకెన్‌ను ఎక్స్‌ట్రాక్టర్‌తో ప్రతిసారీ పట్టుకుని పంపాలి. ఖాతాలు సీఎస్‌వీ ఫైలులోంచి ఎవరివి వారికే, కుకీ మేనేజర్ తప్పనిసరి. లాగిన్ కాకున్నా సర్వర్ 200 అనే చెప్పొచ్చు, అందుకే పేజీలో యూజర్ పేరు కనిపించిందో లేదో అసర్షన్‌తో చూడండి. ఓటీపీ మాటేమిటంటారా? టెస్ట్ సర్వర్‌లో మాత్రమే మారని అంకె పెట్టండి. అలాగైతే ఎస్‌ఎంఎస్ దారి పరీక్షకు రాదుగా అన్నది న్యాయమైన అభ్యంతరమే. 2021 ఏప్రిల్ 28న కోవిడ్ టీకా నమోదు సైట్ కోవిన్‌లో ఎంతోమంది ఓటీపీ కోసమే పడిగాపులు కాశారు. అందుకే ఎస్‌ఎంఎస్ దారిని దాని గేట్‌వే సంస్థతో మాట్లాడి విడిగా కొలవాలి.