పని ముగిసిందని కబురు పంపే కంప్యూటరు

నేడు కంప్యూటరు లేని ప్రయోగశాల అరుదు. అయితే మనలో చాలామందిమి దానికి పని అప్పగించి, అది ముగిసేదాకా తెర వంక చూస్తూ కూర్చుంటాం. మడికి నీళ్ళు పెట్టిన రైతు గట్టు మీద కాపలా వుండక తప్పదు; మడి నిండిందని నీళ్ళు వచ్చి చెప్పవు. కంప్యూటరు చెప్పగలదు. చెప్పమని మనం అడగాలి, అంతే.

పూర్వచరిత్ర

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1963లో వెలువడిన ఆస్కీ సంకేతాల పట్టికలో 7వ సంకేతం అక్షరం కాదు, గంట! అది అందగానే టెలిటైపు యంత్రం గంట మోగించేది. 1971 నాటి తొలి యూనిక్స్‌లో ఒకరి టెర్మినల్ నుండి మరొకరికి కబురు పంపే 'రైట్' అనే ఆదేశం వుంది. అలాంటి కబుర్లు నాకొద్దని తలుపు మూసుకునే ఆదేశం కూడా దాని పక్కనే వుంది. 1980లో బర్కిలీ యూనిక్స్‌లో టపా వచ్చిందని తెలిపే 'బిఫ్' చేరింది. అది ఆ విశ్వవిద్యాలయంలో అందరికీ తెలిసిన ఒక కుక్క పేరు.

నేటి పద్ధతి

లినక్స్ డెస్క్‌టాపులో ఇందుకు వాడే ఆదేశం 'నోటిఫై-సెండ్'. (టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.) దాని తర్వాత కొటేషన్ గుర్తుల్లో ఒక శీర్షిక, మళ్ళీ కొటేషన్ గుర్తుల్లో విషయం రాసి ఎంటర్ నొక్కితే తెర మీద చిన్న చీటీ కనబడుతుంది. విషయాన్ని తెలుగులో రాసినా సరే.

నిజానికి ఆ చీటీని గీసేది ఈ ఆదేశం కాదు. ఇది 'డి-బస్' అనే మార్గం ద్వారా కబురును డెస్క్‌టాపుకు అందజేస్తుంది, అంతే. చూపించే బాధ్యత డెస్క్‌టాపుది. అందువల్లనే గ్నోమ్‌లోనూ, కేడీఈలోనూ ఒకే ఆదేశం పనిచేస్తుంది.

కబురుకు మూడు స్థాయిలున్నాయి: లో, నార్మల్, క్రిటికల్. 'క్రిటికల్' చీటీ తనంతట తాను మాయం కాకూడదని నియమం. కనుక దాన్ని నిజమైన ఆపదకే వాడాలి. ప్రతిదానికీ 'పులి వచ్చె' అంటే, పులి వచ్చిన నాడు ఎవరూ తల తిప్పరు.

అబద్ధపు కబురు

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది. పని ఆదేశానికీ, కబురు ఆదేశానికీ మధ్య సెమికోలన్ పెడితే, పని చెడినా కబురు వచ్చేస్తుంది. ప్రాజెక్టు ఫైళ్ళను పెన్‌డ్రైవుకు కాపీ చేస్తున్నామనుకోండి. చోటు చాలక కాపీ మధ్యలో ఆగినా 'కాపీ అయింది' అని చీటీ వస్తుంది. దాన్ని నమ్మి అసలు ఫైళ్ళు చెరిపేస్తే ఏడాది శ్రమ గంగపాలు!

ప్రతి ఆదేశమూ ముగిసేటప్పుడు ఒక అంకె అప్పగించి పోతుంది. సున్న అయితే జయం, మరేదైనా అపజయం. సెమికోలన్‌కు బదులు రెండు 'అండ్' గుర్తులు పెడితే, సున్న వచ్చినప్పుడే కబురు వస్తుంది. రెండు నిలువు గీతలు పెడితే, పని చెడినప్పుడే వస్తుంది.

మరొక చిక్కు: నిర్ణీత వేళకు పనులు నడిపే 'క్రాన్' నుండి పంపిన చీటీ చాలాసార్లు తెరకు చేరదు. మన డెస్క్‌టాపు డి-బస్ చిరునామా క్రాన్‌కు తెలియకపోవడమే కారణం. ఆ చిరునామాను క్రాన్ పట్టికలో రాసి ఇవ్వాలి.

ముగింపు

కబురు రాలేదు కాబట్టి అంతా సవ్యమేనని అనుకోవడం పొరపాటు. కరెంటు పోయి యంత్రమే ఆగిపోతే ఇక కబురు చెప్పేదెవరు? కనుక జయానికీ, అపజయానికీ రెండింటికీ చీటీ పెట్టుకోండి. ఏదీ రాకపోతే లేచి వెళ్ళి చూడండి. కాపలా పని యంత్రానికి అప్పగించవచ్చు గాని, ఫలితాన్ని సరిచూసే బాధ్యత మాత్రం మనదే.