గుమ్మానికి మామిడాకుల తోరణం – మన కుట్టు మిషన్ మీదే

సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ అడిగితే నాకు కవితలు రావని చెప్పాను. వచ్చిన పని గురించే రాయమన్నారు. నాకు వచ్చింది కుట్టు. అందుకే సంక్రాంతి సెలవులకు మీరు ఇంటికి పట్టుకెళ్ళేలా, మిషన్ ఎంబ్రాయిడరీతో గుమ్మం తోరణం ఎలా కుట్టాలో రాస్తున్నాను. కరెంటు మిషన్ అక్కర్లేదు. కాలితో తొక్కే మామూలు మిషన్ చాలు.

పండగనాడు కట్టిన పచ్చి మామిడాకులు రెండు మూడు రోజుల్లో ముడుచుకుపోతాయి. గుజరాత్‌లోని కచ్, సౌరాష్ట్ర ప్రాంతాల ఆడవాళ్ళు ఆ ఆకుల రూపాన్నే గుడ్డ మీద కుట్టి గుమ్మానికి కడతారు. పైన ఒక పట్టీ, దాని కింద వరసగా వేలాడే ఆకులు. మనం కుట్టేదీ ఆ తరహాదే.

ముందు గుమ్మం కొలవండి. 36 అంగుళాలు ఉందనుకుందాం. అప్పుడు 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల పొడవు గల ఆకులు ఏడు పడతాయి. ఏడైదులు 35, అటూ ఇటూ అర అంగుళం ఖాళీ. కుట్టులోకి పోయేది కలుపుకొని ఒక్కో ఆకు ముక్క 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు ఉండాలి. పట్టీ 37 పొడవు, 9 వెడల్పు. మధ్యకు మడిస్తే 4 అంగుళాల పట్టీ వస్తుంది. 45 అంగుళాల పన్నా ఉన్న కేస్‌మెంట్ గుడ్డ ఒక మీటరు సరిపోతుంది. వెనక లైనింగుకు అమ్మ పాత నూలు చీర వాడుకోండి, డబ్బు మిగులుతుంది. గుడ్డను తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేశాకే పని మొదలుపెట్టాలి. ఎరుపు గుడ్డయితే రంగు దిగుతుందేమో అప్పుడే తెలిసిపోతుంది.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో కుట్టిన తొలి తోరణానికి ముక్కలన్నీ ముందే కత్తిరించేశాను. ఆకు ముక్కలు రింగులో నిలవలేదు. పట్టీ మీద పువ్వులు ఒత్తుగా నింపేసరికి గుడ్డ లాక్కుపోయి అంగుళంన్నర తగ్గింది. ఆ ఏడాదే మా ఇంటికి తడిక తీసేసి చెక్క తలుపు పెట్టారు. దానికి కడదామని ఎంతో ఆశగా తీసుకెళ్తే తోరణం చాల్లేదు. సిగ్గేసి ట్రంకు పెట్టెలో దాచేశాను. అమ్మ చూసి తీసి, ఆకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నా, వంటింటి కిటికీకి కట్టింది. కాబట్టి గీసుకోండి, కుట్టండి, ఇస్త్రీ చేయండి, మళ్ళీ కొలవండి, ఆ తర్వాతే కత్తెర పట్టండి.

బొమ్మను కార్బన్ కాగితంతో దించుకోవాలి. ఆకు మధ్యలో ఒక ఈనె, పక్కలకు సన్న ఈనెలు చాలు. పట్టీ మీద ఒక్కో ఆకు పైన ఒక్కో బంతిపువ్వు. తయారైన పట్టీలో ఎడమ అంచు నుంచి 3, 8, 13, 18, 23, 28, 33 అంగుళాల దగ్గర పువ్వుల మధ్యలు వస్తాయి. 18 దగ్గరి పువ్వుతో మొదలుపెట్టి రెండు వైపులకూ పోతే లెక్క తప్పదు.

ఇక మిషన్ సంగతి. పాదం విప్పేయాలి. గుడ్డను వెనక్కి నెట్టే పళ్ళను దించాలి. దిగని మిషన్ అయితే వాటి మీద రేకు బిగించి, కుట్టు పొడవును సున్నాకు పెట్టాలి. 11 నంబరు సూది, పైన ఎంబ్రాయిడరీ సిల్కు దారం, బాబిన్‌లో సన్న నూలు దారం. చేతి కుట్టుకు రింగు బిగించినట్టు ఇక్కడ బిగించకూడదు. పెద్ద రింగు కింద, దాని మీద గుడ్డ, లోపలికి చిన్న రింగు. గుడ్డ మిషన్ బల్లను ఆనుకొని ఉండాలి. చిన్న రింగుకు గుడ్డ పీలిక చుడితే జారదు. గుడ్డ కింద నోటుబుక్కు తెల్ల కాగితం పెట్టండి, ముడతలు తగ్గుతాయి, తర్వాత చింపేయవచ్చు. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది.

అందరూ మరిచిపోయేది ఒకటుంది. పాదం లేకపోయినా, పాదాన్ని దించే పిడి దించాలి. దించకపోతే పైదారానికి బిగువు రాదు, గుడ్డ కింద దారం పిచ్చుక గూడులా చుట్టుకుంటుంది. మొదటి రోజు నేను మిషన్ పాడైందని ఏడ్చింది దీనికే. బాబిన్ దారం పైకి కనిపిస్తుంటే మాత్రం పై బిగువు కాస్త వదలాలి. పాత గుడ్డ మీద చూసుకున్నాకే అసలు గుడ్డ పెట్టండి.

కాలు ఒకే వేగంతో ఆడాలి, చేతులు రింగును నెమ్మదిగా జరపాలి. రింగును గుంజితే సూది వంగుతుంది, విరుగుతుంది. పాదం అడ్డు లేదు కాబట్టి వేళ్ళు సూదికి దూరంగా, రింగు అంచు మీదే ఉండాలి. ముందు ఆకు అంచు చుట్టూ ఒక వరస, తర్వాత ఈనె నుంచి అంచు వైపు అటూ ఇటూ నింపడం. రెండు రకాల ఆకుపచ్చ వాడితే ఆకుకు జీవం వస్తుంది.

ఆకుకు లైనింగు మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, పైన తెరిచి ఉంచి కుట్టండి. కొస దగ్గర గుడ్డ కొంచెం కత్తిరించి తిరగేయండి. ఏడింటినీ పట్టీ అంచుకు కుట్టి, పట్టీ రెండో సగం వెనక్కి మడిచి చేత్తో హెమ్మింగు చేయండి. పైన ఐదు గుడ్డ ఉంగరాలు పెట్టండి. మూడే పెడితే మధ్యలో జారుతుంది. నర్సాపురం లేసు ముక్క దొరికితే పట్టీ అంచుకు వేయండి, అందమే వేరు.

అమ్మదలిస్తే గుడ్డ, దారం ఖర్చుతో పాటు మీరు కూర్చున్న గంటలు కూడా కాగితం మీద రాసుకోండి. ఒక షాపులో నాకు దారం ఖర్చు మాత్రమే ఇచ్చి, మిగతాది పండగ తర్వాత అన్నారు. ఆ పండగ ఇంకా రాలేదు. ఆ తర్వాత నుంచి సగం డబ్బు ముందే తీసుకుంటున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్ష ఫీజు అలా కుట్టిన నాలుగు తోరణాలతోనే కట్టాను.

ఉతికేటప్పుడు చల్లనీళ్ళలో ముంచి తీయండి, పిండకండి. ఇస్త్రీ వెనకవైపు నుంచి, కింద తువాలు పరిచి చేయాలి. మా తలుపుకు సరిగ్గా సరిపోయే తోరణం రెండో ఏడాది కుట్టాను. కిటికీకి ఉన్నదాన్ని మాత్రం అమ్మ తీయనివ్వలేదు.